ఆర్‌పి ఉన్న కంటికి గ్లకోమా కూడా వస్తే, చుక్కల మందు వేసుకోవడం దండగా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్‌పి, కంటి వెనక రెటీనాలోని కణాలు మెల్లగా చచ్చిపోయే జబ్బు) ఉందని చిన్న వయసులోనే తేలింది. ఇప్పుడు 36 ఏళ్లకి కంటి ప్రెషర్ 27 వచ్చింది, గ్లకోమా అనుమానం అంటున్నారు. ఒకే కంటికి రెండూ వస్తాయా? చూపు ఎలాగూ తగ్గేదే కదా, ఇక జీవితాంతం చుక్కలు వేసుకుని ఏం లాభం?

వస్తాయండీ. నాకు వచ్చాయి. ఆర్‌పి అని 19 ఏళ్లకి చెప్పారు, గ్లకోమా అని 43 ఏళ్లకి. ఈ రెండో మాట అంత ఆలస్యంగా ఎందుకు తెలిసిందో ముందు చెప్తాను, మీకు పనికొచ్చేది అక్కడే ఉంది.

ఇన్నేళ్లూ ఏ చూపు తగ్గినా దాన్ని ఆర్‌పి ఖాతాలో రాసేసేవాళ్లం. నేనూ అంతే, ఇంట్లోవాళ్లూ అంతే, నన్ను చూసిన డాక్టర్లలో కొందరూ అంతే. పక్క నుంచి వచ్చే మనిషి కనబడలేదా? ఆర్‌పి. లైట్ల చుట్టూ రంగుల వలయాలా? ఆర్‌పి వాళ్లకి వెలుతురు చెదిరినట్టు ఉండటం మామూలేగా. సాయంత్రాలు కనుబొమ్మ పైన బరువుగా నొప్పి? చీకట్లో కళ్లు చిట్లించి చూస్తున్నావు, అందుకే. ప్రతిదానికీ జవాబు ముందే సిద్ధంగా ఉండేది. అసలు గ్లకోమా కూడా చాలాసార్లు పక్క చూపుని నొప్పి లేకుండా మెల్లగా తినేసే జబ్బే. ఒక దొంగ ఇంట్లో ఉన్నాడని తెలిసినప్పుడు రెండోవాడి కోసం ఎవరు వెతుకుతారు?

శుక్లం ఎంత ముదిరిందో చూపించుకోవడానికి వెళ్తే ఒక చిన్న వయసు డాక్టరమ్మ, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయకముందే, చిన్న అద్దం ఉన్న లెన్స్ కంటికి ఆనించి చూసింది. దాన్ని గోనియోస్కోపీ అంటారు. కంట్లో నీరు బయటికి పోయే మూల తెరుచుకుని ఉందా, ఇరుకుగా ఉందా అన్నది అందులోనే తెలుస్తుంది. నాది బాగా ఇరుకు. ఆ రోజు ప్రెషర్ 31. ఆ వలయాలూ, సాయంత్రం నొప్పీ దీనివల్లే అయి ఉండొచ్చు అంది. ఆర్‌పి ఉన్నవాళ్లలో ఇలా మూల మూసుకుపోయే రకం గ్లకోమా మిగతా జనం కంటే ఎక్కువగా కనిపిస్తుందని అప్పుడే తెలిసింది. కొందరికి కంటిలోని లెన్స్‌ని పట్టి ఉంచే దారాలు వదులై లెన్స్ ముందుకు జరుగుతుంది, కొందరికి పుట్టుకతోనే కన్ను చిన్నది. బెస్ట్1, ఎంఎఫ్‌ఆర్‌పి లాంటి జన్యువుల్లో తేడా ఉంటే రెటీనా జబ్బూ ఇరుకు మూలా కలిసే రావొచ్చు. నాకు లేజర్‌తో ఐరిస్‌లో (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరలో) సన్నని రంధ్రం చేశారు. నిమిషాల్లో అయిపోయింది. అంతకుముందు రాత్రంతా పడిన టెన్షనే పెద్దది.

ఇక మీ అసలు ప్రశ్న, చుక్కలు దేనికి అన్నది. ఆర్‌పి చంపేది వెలుతురుని పట్టుకునే కణాల్ని. గ్లకోమా చంపేది ఆ కబురుని మెదడుకి మోసే నరాన్ని. ఆర్‌పిలో మధ్య చూపు చాలామందికి చివరి వరకూ ఎంతో కొంత మిగులుతుంది. నేను ఇప్పటికీ అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతున్నాను, ఈ జవాబు కూడా అలాగే రాస్తున్నాను. ఆ మిగిలిన గుప్పెడు చూపుకి కూడా దారి ఆ నరమే. జీన్ థెరపీ వచ్చేసిందిగా అని కొందరు అంటారు. ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువు రెండు కాపీలూ పాడైన వాళ్లకి 2017లో అమెరికాలో అనుమతి దొరికిన మాట నిజమే. కానీ రేపు ఏ రకం చికిత్స వచ్చి రెటీనాని బాగు చేసినా, నరం ఎండిపోయి ఉంటే ఆ బొమ్మ మెదడుకి చేరదు. ఆర్‌పిని ఆపే మందు నా దగ్గర లేదు, ప్రెషర్‌ని తగ్గించే మందు ఉంది. చేతిలో ఉన్నది వదులుకోవడం నాకు తెలివిగా అనిపించలేదు.

అయితే 27 అని ఒక్కసారి వచ్చినంత మాత్రాన గ్లకోమా అని ఖాయం కాదు. మామూలుగా 10 నుంచి 21 వరకూ అంటారు. నల్లగుడ్డు పైపొర మందంగా ఉన్నా అంకె ఎక్కువ చూపిస్తుంది, ఆ మందం కొలిచారో లేదో అడగండి. మనలాంటి వాళ్లకి మిగతా పరీక్షలూ తిన్నగా జవాబు చెప్పవు. 24-2 అనే మామూలు ఫీల్డ్ టెస్టులో (చూపు ఎంత మేర ఉందో చూసే పరీక్ష) నా కాగితం దాదాపు అంతా నలుపే, అందులో ఏ నలుపు ఎవరిదో దేవుడికే తెలియాలి. తర్వాత మధ్యలోని 10 డిగ్రీలనే వెతికే 10-2 టెస్టు చేశారు, మార్పు పట్టుకోవడానికి ఇప్పుడు అదే ఆధారం. ఓసీటీలో (రెటీనా పొరల్ని చూపించే స్కాన్) నరాల పొర మందం కూడా ఆర్‌పిలో మోసం చేయొచ్చు. అందుకే నరం ఫొటోలు తీసి పెట్టించుకోండి. ఆర్‌పిలో నరం మైనంలా పాలిపోతుంది, గ్లకోమాలో మధ్యలో గుంట పెరుగుతుంది. ఆ గుంట ఏడాదికేడాది పెరుగుతోందా అన్నది పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. లేజర్ తర్వాత ప్రెషర్ పూర్తిగా దిగలేదు. వేరేచోట చూపించుకున్నప్పుడు గ్లకోమా ఫైలు ఒక్కటే పట్టుకెళ్లాను, రెటీనా ఫైలు ఇంట్లోనే ఉంది. రాత్రిపూట వేసుకునే లేటానోప్రోస్ట్ రాశారు. మంచి మందే, చాలామంది వాడతారు. కానీ ఆ రకం మందులతో కొందరికి రెటీనా మధ్యలో నీరు చేరి వాపు వస్తుంది, ఆర్‌పిలో ఆ వాపు మామూలుగానే ఎక్కువ. రెండు నెలలకి చదివే అక్షరాలు వంకర్లు తిరిగాయి. ఓసీటీలో వాపు కనబడింది. మందు వల్లే అని ఎవరూ ముద్ర వేసి చెప్పలేదు గానీ, దాన్ని ఆపి డార్జోలమైడ్‌కి మార్చారు. ఇది ప్రెషర్‌నీ తగ్గిస్తుంది, ఆర్‌పి వాపుకీ వాడతారు, ఒక చుక్కకి రెండు పనులు. కొన్నాళ్లు ఎసిటజోలమైడ్ మాత్రలూ మింగాను, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కేవి, సోడా తాగితే చప్పగా ఉండేది. కిడ్నీలో రాళ్లు, సల్ఫా మందుల అలర్జీ ఉంటే ఆ మాత్రల విషయం డాక్టరుకి ముందే చెప్పాలి. ఉబ్బసం ఉంటే టిమోలోల్ చుక్కల సంగతీ అంతే. ఇంకొకటి, ఆర్‌పి వాపుకి ఎప్పుడైనా స్టెరాయిడ్ చుక్కలు గానీ ఇంజెక్షన్ గానీ వాడారా? అవి కొందరిలో ప్రెషర్ పెంచుతాయి. మీ 27 వెనక అదే ఉంటే కథ మొత్తం మారిపోతుంది.

చుక్కల సీసాలు గుర్తుపట్టడం నాకు మొదట్లో పెద్ద తంటా. ఇప్పుడు పొద్దున మందుకి ఒక రబ్బరు బ్యాండు, రాత్రి మందుకి రెండు. చుక్క పడ్డాక కన్ను మూసి ముక్కు పక్క మూలని రెండు నిమిషాలు నొక్కి ఉంచితే మందు గొంతులోకి జారదు. రెండో మందు అయిదు నిమిషాలు ఆగి.

మా అక్కకి ఆర్‌పి లేదు. నా తర్వాత తననీ చూపిస్తే కంటి మూలలు ఇరుకని తేలి, తనకీ లేజర్ చేశారు. మీ తోబుట్టువుల ప్రెషర్ కూడా ఒకసారి చూపించండి.

ఒక హెచ్చరిక మాత్రం: కన్ను ఎర్రబడి, తీవ్రమైన నొప్పి, వాంతులు, చూపు మసకబారడం కలిసి వస్తే ఆర్‌పి ఖాతాలో రాయకండి, ఆ పూటే ఎమర్జెన్సీకి వెళ్లండి. మూల ఇరుకని తేలితే జలుబు మాత్రలు కూడా అడక్కుండా వేసుకోవద్దు.

గోనియోస్కోపీ చేశారో లేదో మీరు రాయలేదు. చేయించుకుని ఏం చెప్పారో ఇక్కడే కింద రాయండి. మూల తెరిచే ఉంటే నా లేజర్ కథ మీకు అక్కర్లేదు, రెండు ఫైళ్ల సంగతి మాత్రం అక్కరకొస్తుంది.