మీరు వాయించింది మాకూ వినిపించండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఇంట్లో వాయించుకునేవాళ్లవే. ఉద్యోగాలూ ఇంటిపనులూ చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడు వాయిద్యం తీసేవాళ్లు. అందుకని రాగాల మీద వచ్చిన ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి, ఈ మూడింటికి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నేను బడిపంతుల్ని. చిన్నప్పుడు కొన్నాళ్లు వేణువు నేర్చుకుని మానేశాను. పిల్లలు చదువులకి వెళ్లిపోయాక మళ్లీ పట్టుకున్నాను. సాయంత్రాలు డాబా మీద వాయించి ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను. మా ఊళ్లో నాలాంటివాళ్లు పదిమంది దాకా అప్పుడప్పుడూ కలుస్తారు, వాట్సాప్‌లో ఒకరిది ఒకరికి పంపుకుంటారు. నన్నూ చేర్చుకున్నారు. కానీ పంపుదామనుకునేసరికి టెన్షన్. తప్పులు పడతారని ఒక భయం, వినకుండానే ‘సూపర్ మాస్టారూ’ అనేస్తారని ఇంకో భయం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మాస్టారూ, మీ రెండో భయం నాకు బాగా నచ్చింది. మీకు కావలసింది పొగడ్త కాదు, కుదురుగా కూర్చుని వినే మనిషి. అలాంటి మనిషి దొరకాలంటే మీరు అడగాలి. రికార్డింగ్ ఊరికే పంపి ఊరుకుంటే ఎవరైనా చప్పట్ల బొమ్మ పెట్టి పనిలో పడిపోతారు. వాళ్ల తప్పు లేదు, ఏం వినమంటున్నారో మీరు చెప్పలేదు. ‘మోహన రాగం ఆలాపన, ఐదు శ్రుతి, రెండు నిమిషాలు. పై షడ్జం (పై స) దగ్గర స్వరం నిలుస్తోందా, కిందికి జారుతోందా చెప్పండి’ అని రాసి పంపి చూడండి. అదే పదిమందీ అదే చోట చెవి పెడతారు.

విజయనగరంలో మా ఇంట్లో నెలకో ఆదివారం సాయంత్రం ఇలాంటి కూడిక ఒకటి జరుగుతుంది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఆయన హార్మోనియం తెస్తారు. ఒక నర్సమ్మ డ్యూటీ లేని వారం వచ్చి పాడుతుంది. మృదంగం వాయించే ఆయన టైలరు. నేను మిగతా రోజుల్లో వీణ పాఠాలు చెప్పేదాన్నే, ఆ గదిలో మాత్రం పాఠం చెప్పను. ఎవరైనా మూడు నిమిషాలకి మించి వాయించరు. వాయించే ముందు ఏ సంగతి గురించి వినాలనుకుంటున్నారో చెబుతారు. అడిగినదానికే జవాబు. అడగని తప్పు మనకి వినిపించినా ఆ రోజుకి నోరు మెదపం. ఈ చివరి నియమం కొత్తవాళ్లకి వింతగా ఉంటుంది గానీ, నా మట్టుకు కూడిక నిలబడింది దాని వల్లే.

ఒక సంగతి చెబుతాను, మీకు పనికొస్తుంది. మొన్నామధ్య మీలాగే వేణువు వాయించే ఒకాయన తన రికార్డింగ్ వినిపించి, ‘తాళం ఎక్కడో తప్పుతోంది, ఎక్కడో నాకు తెలియడం లేదు’ అన్నాడు. వాయిద్యం చదువుకున్నవాళ్లం స్వరాలే చూస్తూ కూర్చున్నాం. టైలరుగారు కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తూ రెండుసార్లు విని, ‘ఊపిరి తీసుకున్న కాడ ఏటో తొందరపడిపోనావు బాబూ’ అన్నారు. నిజమే. గాలి పీల్చుకోవడానికి పట్టే క్షణాన్ని ఆయన అంతకుముందు స్వరంలోంచి తీసుకోకుండా, తర్వాతి దాన్ని ముందుకి లాగి సర్దుతున్నాడు. ఇక అక్కడే కూర్చుని పెన్సిల్‌తో స్వరాల కాగితం మీద ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గుర్తులు పెట్టుకున్నారు ఇద్దరూ. ఒక్కడే డాబా మీద కూర్చుని ఎన్నాళ్లు వాయించినా ఆయనకి ఆ చోటు దొరికేది కాదు. మన ఊపిరి మనకి వినబడదు మరి.

తప్పులు పడతారన్న భయం మన రెండు జిల్లాల్లో కాస్త ఎక్కువే. దానికి కారణమూ ఉంది. విజయనగరం మహారాజావారు 1919లో సంగీత కళాశాల పెడితే మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. వయొలిన్ చెప్పింది ద్వారం వెంకటస్వామి నాయుడుగారు, 1936లో ప్రిన్సిపాలు అయిందీ ఆయనే. ఘంటసాల చదివిందీ, సుశీలమ్మ చదివిందీ అక్కడే. ఇంతటివాళ్లు తిరిగిన నేల మీద మనమేం వాయిస్తాంలే అని ఎంతోమంది పెట్టె మూసేశారు. నాకది చాలా బాధగా ఉంటుంది. ఆ మహానుభావుల వల్ల ఈ ఊళ్లకి వచ్చింది కళాకారులు మాత్రమే కాదు, వినే చెవులు కూడా. శ్రుతి కాస్త తగ్గితే తల తిప్పి చూసే ముసలాయన ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు ఇక్కడ. ఆ చెవులు ఊరికే పోకూడదు మాస్టారూ. వాటికి మీలాంటివాళ్లు వాయించాలి.

మరో రెండు మాటలు. మీది పంపే ముందు ఆ గుంపులో ఇద్దరివైనా మొదటినుంచి చివరిదాకా విని, మీకు నచ్చిన చోటు ఏ నిమిషం దగ్గరుందో రాయండి. ‘ఒకటిన్నర నిమిషం దగ్గర గాంధారం మీద ఆగారు చూడండి, అది బాగుంది’ అని రాస్తే ఆ మనిషికి ఎంత బలమో! తర్వాత మీది వినడానికి ఆయనే ముందుంటాడు. రెండోది, ఒకరు గుంపులో పెట్టినదాన్ని వారిని అడగకుండా బయటికి ఫార్వర్డ్ చేయకూడదని అందరూ ముందే మాట అనుకోండి. సగం నేర్చిన కీర్తన పెళ్లివారి గ్రూపులోకి వెళ్లిపోతే, పాడినవాళ్లు మళ్లీ నోరు విప్పరు.

రికార్డు చేసేటప్పుడు ఫోను మూతికి ఎదురుగా వద్దు, గాలి చప్పుడు పడుతుంది. పక్కగా, చేతికందే దూరంలో పెట్టండి. చలికాలం తెల్లవారుజామున వేణువు శ్రుతి కొద్దిగా కిందికి ఉంటుంది, ఊదగా ఊదగా వెచ్చబడి పైకి వస్తుంది. అందుకని కాసేపు వాయించాకే తంబూరా కలుపుకుని మొదలుపెట్టండి.

ప్రశ్న: మా పుట్టింటివాళ్లు గొల్లపల్లిలో చేయించి ఇచ్చిన వీణ నాది. ఎదురుగా వింటే గుమ్మంటూ పలుకుతుంది. ఫోన్‌లో వాయిస్ మెసేజ్ చేసి మా స్నేహితురాళ్లకి పంపితే డబ్బా వాయించినట్టుంది. తంబూరా అయితే కాసేపటికి మాయమైపోతోంది. వీణలో ఏమైనా లోపమా?
– ఒక గృహిణి, బొబ్బిలి

జవాబు: అమ్మా, వీణని ఒక్క మాట అనకండి. ఒకే పనస దుంగలోంచి కుండ (గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ) తొలిచి చేసే వీణ అది. ఆ నాదం ఎక్కడికీ పోదు. లోపం మీరు పంపే పద్ధతిలో ఉంది. వాయిస్ మెసేజ్ మాటల కోసం చేసింది. మాట అర్థమైతే చాలని శబ్దాన్ని బాగా కుదించేస్తుంది, అందుకే మంద్రస్థాయి, అంటే కింది స్వరాల గుమ్మనడం పోతోంది. పైగా ఫ్యాను హోరులాగా ఆగకుండా ఒకే తీరున వచ్చే శబ్దాన్ని ఫోను రొద అనుకుని తగ్గించేస్తుంది. తంబూరా పని కూడా ఆగకుండా పలకడమే కదా, పాపం దాన్నీ తీసేస్తోంది.

కాబట్టి ఫోన్‌లో ఉండే రికార్డర్ యాప్‌లో రికార్డు చేసి, ఆ ఫైలుని వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి. అప్పుడు ఉన్నదున్నట్టు వెళుతుంది. ఫోను కుండకి ఎదురుగా మూరెడు దూరంలో, కాస్త ఎత్తులో పెట్టండి. మీరు కూర్చున్న చాప మీదే పెడితే తాళం వేసిన దెబ్బ కూడా పడుతుంది. చిన్న పీట మీద నాలుగు మడతలు వేసిన దుప్పటి పరిచి, దాని మీద పెడితే సరి. గచ్చు గదిలో గోడల నుంచి శబ్దం తిరిగొస్తుంది, చీరల బీరువా తలుపులు తెరిచిపెట్టుకుని ఆ గదిలో వాయించండి, బట్టలు ఆ ప్రతిధ్వనిని చాలావరకు మింగేస్తాయి.

ఇవన్నీ చేశాక కూడా ఏదో ఒక మెట్టు దగ్గర మాత్రమే జీర వినిపిస్తే, అక్కడ మైనం మెత్తబడి మెట్టు కదిలిందేమో చూడండి. ఎండాకాలంలో అది మామూలే. అది సొంతంగా సర్దకండి, వీణ చేసేవాళ్లు మీకు పక్కనే ఉన్నారు.

ప్రశ్న: మేం ముగ్గురం కాలేజీ స్నేహితులం. ఒకడు పలాసలో కీబోర్డు, నేను రాజాంలో వయొలిన్, ఇంకొకడు విజయనగరంలో తబలా. సొంతంగా ఒక బాణీ కట్టుకున్నాం. వీడియో కాల్‌లో కలిసి వాయిద్దామంటే తాళం అస్సలు కుదరడం లేదు. నెట్ బాగానే ఉంది. ఎవరిది తప్పు?
– ఒక యువకుడు, రాజాం

జవాబు: బాబూ, ఎవరిదీ కాదు. ఎంత మంచి నెట్ అయినా కాల్‌లో శబ్దం సెకనులో పదోవంతో, అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా చేరుతుంది. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు వెళుతుంది కాబట్టి, తబలా అబ్బాయి నీకు 34 మీటర్ల అవతల కూర్చున్నట్టు లెక్క. అతని దెబ్బ కోసం నువ్వు ఆగుతావు, నీ కోసం అతను ఆగుతాడు, లయ ఈడ్చుకుంటూ పోతుంది.

ఒకరి తర్వాత ఒకరు వాయించండి. శ్రుతి కీబోర్డు నుంచే తీసుకోవాలి, ఎందుకంటే దాని స్వరాలు కదలవు. రెండు శ్రుతి అనుకుంటే అతనికి డి, నీ తీగలు దానికి కలుపుకో. ఫోన్‌లో మెట్రోనోమ్ (లయ తప్పకుండా టక్ టక్ మనే యాప్) నిమిషానికి 60కి పెట్టి, ఆది తాళం ఒక ఆవర్తనం (ఎనిమిది దెబ్బల ఒక చుట్టు) ఖాళీగా లెక్కపెట్టాక కీబోర్డు అబ్బాయి మొదట వాయించాలి. అది చెవిలో వింటూ నువ్వు, మీ ఇద్దరిదీ కలిపినది వింటూ తబలా అబ్బాయి విడిగా రికార్డు చేయండి. ప్రతివాళ్లూ ఆ ఖాళీ ఆవర్తనం మొదటి దెబ్బ మీద గట్టిగా ఒక చప్పట కొట్టాలి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మూడు ఫైళ్లు తెరిచి, ఆ మూడు చప్పట్లు ఒకే గీత మీదికి జరిపితే మిగతాది దానంతటదే కుదురుతుంది. తబలా చివర్లో ఎందుకంటే, మీ బాణీ ఎక్కడ ఊగుతోందో విన్నాకే అతను దెబ్బ ఎంచుకోగలడు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు, వాటిలో కూడా ఆలస్యం ఉంటుంది. వైరు ఉన్నవే వాడండి.