ఆ 17 నిమిషాల ట్రాక్ ‘ఫస్ట్ టేక్’
ఇదే పాటో చెప్పమని మీరు పంపిన పేరు లేని ఆడియో ఫైల్ హెడ్‌ఫోన్స్‌లో రెండుసార్లు విన్నానండి. చెవికొక డ్రమ్మర్ ఎందుకున్నాడు, రికార్డింగ్ పాడైందా అని అడిగారు కదా, పాడవలేదు, అక్కడ నిజంగానే రెండు క్వార్టెట్లు, అంటే నలుగురేసి ఉన్న బృందాలు, ఒకేసారి వాయిస్తున్నాయి. కుడి చెవిలో బొంగురుగా గురగురలాడుతూ ఉన్నట్టుండి కీచుమని పైకి లేచేది బాస్ క్లారినెట్, వాయించేది జాజ్ కళాకారుడు ఎరిక్ డాల్ఫీ. ఎడమవైపు ఏడుస్తున్నట్టు జారే ఆల్టో శాక్సఫోన్ ఆర్నెట్ కోల్‌మన్‌ది. ఇది కోల్‌మన్ ‘ఫ్రీ జాజ్’ ఆల్బమ్ రికార్డ్ చేసిన 1960 డిసెంబర్ సెషనే. కానీ ఆ ఆల్బమ్‌లోని అసలు ‘ఫ్రీ జాజ్’ ట్రాక్ దాదాపు 37 నిమిషాలు, అందుకే ఎవరో ముక్క కోశారేమో అనుకున్నా ముందు. కాదు, ముగింపు కూడా ఉంది. అదే సెషన్‌లో ముందుగా వాయించిన ‘ఫస్ట్ టేక్’ ఇది, 1971లో ‘ట్విన్స్’ ఆల్బమ్‌లో వచ్చింది. ఎడమ కుడి తారుమారుగా వినిపిస్తే హెడ్‌ఫోన్స్ తిరగేసి పెట్టుకున్నారేమో చూసుకోండి, నేనూ ఓసారి అలాగే బోల్తా పడ్డా.