చైనా సరుకంతా నాసిరకమేనా?

"చైనాలో తయారైన ఎలక్ట్రానిక్ వస్తువులు ఎందుకు త్వరగా పాడవుతాయి?" అని అడిగారు. ఫోన్లు, ఛార్జర్లు, బ్యాటరీలు బాగుచేయడమే నా వృత్తి కాబట్టి గట్టిగా చెబుతున్నాను: దేశాన్ని తిట్టి లాభం లేదు. అందరూ మెచ్చుకునే ఐఫోన్లను ఏళ్ల తరబడి ఎక్కువగా బిగించింది చైనా నగరాలైన షెన్‌జెన్, జెంగ్‌జౌలలో, వేరే కంపెనీలకు సరుకు తయారుచేసిపెట్టే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీల్లోనే. నాలుగు రోజులకే చేతులెత్తేసే ఛార్జరుదీ అదే ఊరు కావచ్చు. ఆర్డరు ఇచ్చినవాడు ఎంత ధరకు బేరం కుదుర్చుకున్నాడు, ఏ పరీక్షలు చేయమన్నాడు, సరుకు ఓడ ఎక్కకముందు తనిఖీకి ఎవరినైనా పంపాడా లేదా అన్నదాన్ని బట్టే నాణ్యత ఉంటుంది.

ఈ మధ్య ఒకాయన పవర్ బ్యాంకు తెచ్చారు. "ఫోను సగం కూడా నిండడం లేదండీ" అన్నారు. విప్పి చూస్తే లోపల 18650 సెల్‌లు. అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఒక్కోదాని మీద 9900 ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) అని ముద్ర! ఆ కొలతల్లో 3500 దాటించడానికి పేరున్న తయారీదారులే ఆపసోపాలు పడతారు. పైగా అసలైన సెల్ 45 గ్రాములకు అటూఇటూగా తూగాలి. ఇది త్రాసు మీద 30 గ్రాములు కూడా తూగలేదు. ఛార్జి పూర్తిగా దించి, డబ్బా కోశాను. (ఇంట్లో ఎవరూ ఈ పని చేయకండి, లిథియానికి నిప్పంటుకుంటుంది.) లోపల ఇంకో బుల్లి సెల్, దాని చుట్టూ కూరిన తెల్లటి పొడి. ఇది అజాగ్రత్త వల్ల జరిగేది కాదు. అంత చిన్న సెల్‌ను మధ్యలో నిలబెట్టి, మూతకు తీగ అతికి, పొడి నింపి, అనుమానం రాకుండా తొడుగు వేయాలంటే పనితనం కావాలి. ఆ పనితనాన్ని మోసానికి వాడమని ఎవరో డబ్బిచ్చి చెప్పారు.

నిజాయితీగా తయారైన 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కూడా ఫోనుకు పదివేలూ ఇవ్వదు. ఆ అంకె సెల్‌లోని 3.7 వోల్టుల దగ్గరిది. ఫోనుకు ఇవ్వడానికి 5 వోల్టులకు పెంచేసరికి లెక్కకు 7400, అందులోనూ కొంత వేడికి పోతుంది. ఈ సంగతి పెట్టె మీద చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. యూరప్ నియమాలకు తగ్గట్టు ఉందని చెప్పే సీఈ గుర్తు చూసి నమ్మేవాళ్లను తలుచుకుంటే దిగులేస్తుంది. చాలా వస్తువుల విషయంలో అది తయారీదారు తనకు తానే ఇచ్చుకునే హామీ.

గ్రే మార్కెట్ సరుకును మాత్రం ఈ దొంగ సరుకుతో ఒకే గాట కట్టకండి. అది కంపెనీ అసలు సరుకే, వేరే దేశంలో అమ్మడానికి చేసింది అనధికార దారిలో ఇక్కడికి వచ్చిందంతే. అక్కడ నా కోపమంతా కంపెనీల మీద. విడిభాగాలను దేశదేశాల నుంచి తెప్పించుకుంటారు, తయారీని ఎక్కడ చౌకైతే అక్కడికి తరలిస్తారు, వారంటీ దగ్గరికి వచ్చేసరికి సరిహద్దులు గుర్తొస్తాయి. సీరియల్ నంబరు చూసి "ఇది మా ప్రాంతానిది కాదు" అని సేవాకేంద్రాలు తిప్పి పంపిన ఫోన్లు చివరికి నా బల్ల మీదికే చేరతాయి. ప్లగ్గు వేరు కావచ్చు, నెట్‌వర్క్ బ్యాండ్లు వేరు కావచ్చు. పాడైన స్పీకరు మార్చడానికి వాటితో పనేమిటి?