పొద్దున్నకల్లా తగ్గే హోరు

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని. 11 ఏళ్లుగా కూడళ్లలోనే డ్యూటీ. ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్‌మని హోరు. పొద్దున లేచేసరికి ఉండదు. టీవీ సౌండ్ పెంచేస్తున్నానని పిల్లల గొడవ. మా ఆవిడ మాట్లాడుతుంటే గొంతు వినపడుతుంది, ఏమందో తెలియదు. ‘కావాలనే వినిపించుకోరు’ అంటుంది. దూది పెట్టి చూశాను, లాభం లేదు. ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటే వెనక వచ్చే బండి వినపడదేమోనని భయం. ఏం చేయమంటారు?
(పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: ముందు ఈ పేజీ మీ ఆవిడకు చూపించండి. అమ్మా, ఆయన కావాలని చేస్తున్నది కాదు ఇది. పెద్ద శబ్దాలు మొదట దెబ్బతీసేది సన్నటి, పైస్థాయి ధ్వనుల్ని వినే శక్తిని. స, త, క లాంటి హల్లులు తెలిసేది వాటితోనే. అచ్చులు బాగానే చేరతాయి. అందుకే గొంతు వినపడుతుంది, ‘కత్తి’ అన్నారో ‘పత్తి’ అన్నారో తేలదు.

పొద్దున్నకి హోరు పోతోంది కదా అని నిశ్చింతగా ఉన్నట్టున్నారు. నాకు టెన్షన్ అక్కడే. లోపలి చెవిలో ఒక్కోవైపు శబ్దాన్ని అందుకునే సన్నటి రోమకణాలు సుమారు 15 వేలు ఉంటాయి. రోజూ అలసిపోయి, రాత్రి కోలుకుని, మళ్లీ అలసిపోతూ కొన్ని చచ్చిపోతాయి. పోయినవి మళ్లీ మొలవవు. వాటిని తెప్పించే మందు లేదు.

85 డెసిబెల్స్ (శబ్దం తీవ్రతకు కొలత) మోతలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు అనేది వాడుకలో ఉన్న ఒక లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 100కి వచ్చేసరికి 15 నిమిషాలే. మీటరు లేకపోయినా, చేయి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే 85 దాటినట్టే అనుకోండి. అందరూ హారన్లనే తిడతారు. మీ నోట్లో ఉన్న విజిల్ సంగతి ఎవరూ అడగరు! గట్టిగా ఊదితే అది మీ చెవి దగ్గర 100 దాటుతుంది. చేత్తో చూపిస్తే ఆగే బండికి విజిల్ వేయకండి.

దూది శబ్దాన్ని దాదాపు ఆపదు. ఫోమ్ ప్లగ్ ఆపుతుంది, సరిగ్గా పెడితేనే. చేతులు కడుక్కుని దాన్ని సన్నగా నలపండి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగండి. ప్లగ్ లోపలికి తోసి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోండి. తర్వాత అరచేతులతో చెవులు మూసి చూడండి. బయటి శబ్దం ఇంకా బాగా తగ్గిందంటే ప్లగ్ కుదరలేదన్నమాట.

మీ భయం మాత్రం న్యాయమైనదే. ఫోమ్ మరీ ఎక్కువగా అడ్డుకుంటుంది. అందులోనూ మీకు తగ్గిన పైస్థాయి ధ్వనుల్నే ఎక్కువ మింగేస్తుంది. అందుకే మీకు ఫిల్టర్ ఉన్న ప్లగ్ చెబుతాను, సంగీతం వాయించేవాళ్లు వాడే రకం. అన్ని ధ్వనుల్నీ సుమారుగా ఒకేలా, ఓ 15 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుంది. హారన్, వాకీటాకీ మాటలు చిన్నగా అయినా తెలుస్తాయి. మొదటి రెండు మూడు రోజులు రద్దీ లేని చోట అలవాటు చేసుకోండి. వెనక బండిని చెవికి వదిలేయకుండా తల తిప్పి చూడండి.

అవసరమైనప్పుడు పెట్టుకుంటాలే అంటే కుదరదు. 8 గంటల్లో 4 గంటలు తీసేశారంటే, ఎంత మంచి ప్లగ్ అయినా ఆ రోజుకి దక్కే లాభం 3 డెసిబెల్స్ మించదు.

ఇక ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేయించుకోండి. ముందురోజు సెలవు పెట్టండి. కనీసం 16 గంటలు గోలకు దూరంగా ఉంటేనే అసలు వినికిడి ఎంతో తెలుస్తుంది. గుబిలి అడ్డుందేమో ముందే చూస్తారు. పరీక్ష గ్రాఫులో 4000 హెర్ట్జ్ (సన్నటి, పైస్థాయి ధ్వని) దగ్గర గుంటలా దిగిందంటే శబ్దం చేసిన పనే అని అనుమానించాలి. శబ్దం వల్ల వచ్చేది సాధారణంగా రెండు చెవులకూ దాదాపు సమానంగా వస్తుంది. ఒకటే బాగా తగ్గితే కారణం వేరే ఉండొచ్చు. ఉన్నట్టుండి ఒక చెవి మూసుకుపోతే సెలవు దొరికేదాకా ఆగకండి, అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి.

అమ్మా, మీరు గట్టిగా అరవకండి. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి. టీవీ ఆపి, ఆయన ఎదుటికొచ్చి, మామూలు గొంతుతో చెప్పండి.