దిగాక తోకచక్రం దడదడలాడితే ముందు చూడాల్సింది చక్రాన్ని కాదు

అడిగినది: 1952 సెస్నా 170బీ విమానం, స్కాట్ 3200 రకం తోకచక్రం. దిగాక వేగం తగ్గుతున్నప్పుడు తోక దడదడలాడుతోంది, రడ్డర్ పెడల్స్ దాకా అదురు వస్తోంది. తోకచక్రం మొత్తం మార్చేయాలా?

ఇప్పుడే మార్చకండి. ముందు కమాన్లు చూడండి. తోకచక్రాన్ని మోసే ఉక్కు పట్టీలు లారీ కమాన్ల లాంటివే, ఏళ్ళ బరువుకి వంపు దిగిపోతాయి. వంపు దిగితే వెనక కొస పైకి లేస్తుంది. దానికి బిగించిన, చక్రం పక్కలకి తిరిగే నిలువు ఇరుసు, అంటే కింగ్‌పిన్, పైభాగం ముక్కు వైపు వాలుతుంది. షిమ్మీకి, అంటే ఈ దడదడకి, అసలు మూలం చాలాసార్లు ఇదే.

ఎందుకంటే, ఇరుసు అలా ముందుకి వాలినప్పుడు చక్రం ఏ పక్కకి తిరిగినా తోక కాస్త పైకి లేవాలి. లేచిన తోక బరువు చక్రాన్ని మళ్ళీ మధ్యకి తోస్తుంది. ఆ ఊపులో చక్రం మధ్యలో ఆగదు, అవతలి పక్కకి పోతుంది, అక్కణ్ణుంచి మళ్ళీ వెనక్కి. ఇరుసు నిటారుగా గానీ, పైభాగం కొద్దిగా తోక వైపు వాలి గానీ ఉంటే ఈ తోపుడు ఉండదు.

కొలిచేది ఖాళీ విమానం మీద కాదు. మామూలుగా ఎగిరేటంత ఇంధనం, సీట్లలో మనుషులు, వెనక సామాను ఉండాలి. విమానాన్ని రెండు మూడు మీటర్లు ముందుకి తోస్తే చక్రం తిన్నగా వెనక్కి సర్దుకుంటుంది. అప్పుడు కింగ్‌పిన్ హౌసింగ్ పక్కన రసమట్టం నిలువుగా ఆనించి చూడండి. ముక్కు వైపు వాలు కనిపిస్తే కమాన్లకి మళ్ళీ వంపు పెట్టించాలి, లేదా కొత్తవి వేయాలి. కొత్తవి వేయడమే మేలని నా అభిప్రాయం. తోచినట్టు ఇంకో పట్టీ చేర్చకండి, పార్ట్స్ కేటలాగ్‌లో ఆ విమానానికి చెప్పిన వరుసే ఉండాలి.

విప్పినప్పుడు పట్టీల మధ్య తుప్పు తుడిచి, బోల్టు రంధ్రం చుట్టూ, క్లాంపు అంచు దగ్గర పగుళ్ళు వెతకండి. పట్టీ విరిగేది ఎక్కువగా అక్కడే. విరిగితే తోక నేల మీద పడి రడ్డర్‌కీ దెబ్బ తగులుతుంది. కాబట్టి పట్టీలని బిగించే బోల్టుని తిరిగి వాడకుండా కొత్తది వేయండి.

కోణం సరిగ్గా ఉండి కూడా అదురుతుంటే లూజు వెతకాలి. ముందు చక్రాలకి చాక్స్ పెట్టి, తోక కింద మెత్త వేసిన స్టాండు పెట్టండి. స్టెబిలైజర్, అంటే తోక దగ్గరి అడ్డ రెక్క, పట్టుకుని మాత్రం లేపొద్దు. చక్రాన్ని పక్కలకి, పైకీ కిందకీ ఊపితే లూజు ఆక్సిల్ బేరింగుల్లో ఉందా, కింగ్‌పిన్ దగ్గర ఉందా తెలుస్తుంది. ఆక్సిల్ నట్టుని చక్రం కొద్దిగా బరువుగా తిరిగేదాకా బిగించి, తర్వాత కాటర్ పిన్ రంధ్రం కుదిరేంత మాత్రమే వదలండి. పిన్ కొత్తది వాడండి. కింగ్‌పిన్ మీద చక్రం ఉయ్యాల లాగా తేలిగ్గా ఊగిపోతే రాపిడితో ఆ ఊపుని ఆపే లోపలి ఫ్రిక్షన్ డిస్కులు అరిగిపోయాయని అనుమానించాలి. విప్పేటప్పుడు ఒక్కో పొరకీ ఫొటో తీసుకోండి, వరుస తప్పితే ఆ పట్టు తిరిగి రాదు.

రడ్డర్ తొక్కినా చక్రం వినకుండా తనంతట తాను తిరిగిపోతుంటే అది వేరే జబ్బు, చక్రాన్ని స్టీరింగ్ ఆర్మ్‌కి పట్టి ఉంచే పాల్ అనే చిన్న ముక్కది. ఎండిన గ్రీజు, మట్టి పట్టి అది ఇరుక్కుంటుంది, లేదా దాని అంచులు గుండ్రంగా అరుగుతాయి. మినరల్ స్పిరిట్స్‌తో కడిగి గోరుతో అంచు తడమండి. అరిగితే ఆకురాయి పెట్టకండి, సైజు తగ్గి ఇంకా లూజవుతుంది. పాల్ మారిస్తే స్టీరింగ్ ఆర్మ్‌లో అది కూర్చునే గాడి కూడా చూడాలి. అరిగిన గాడిలో కొత్త పాల్ ఎక్కువ కాలం నిలవదు.

రడ్డర్‌ని తోకచక్రానికి కలిపే గొలుసులు రడ్డర్ తిన్నగా ఉన్నప్పుడు వేలాడకూడదు, బిర్రుగా లాగి ఉండకూడదు. ఆ గొలుసులతో ఉండే మౌల్ రకం స్ప్రింగులు రెండు పక్కలా వేర్వేరు గట్టిదనంతో వస్తాయి. అది పొరపాటు కాదు, రెండూ ఒకే లయలో ఊగకుండా చేసిన ఏర్పాటు. రెండు పక్కలా ఒకే గట్టిదనం ఉన్నవి వేయొద్దు. టైరు ఒక చోట చదునుగా అరిగినా, గాలి తక్కువైనా అదురు మొదలవుతుంది.

గ్రీజుని చక్రం గాలిలో ఉండగా, కొత్తది బయటికి కనిపించేదాకా కొట్టి, కారినది తుడిచేయండి. తడి గడ్డి మీద దిగేవారు ఇంకా తరచుగా కొట్టాలి. ప్రెషర్ వాషర్‌ని మాత్రం తోకచక్రం దరిదాపులకి రానివ్వకండి, నీళ్ళు బేరింగుల్లోకి పోతాయి.

అమెరికా రిజిస్ట్రేషన్ అయితే టైరు మార్చడం, చక్రం బేరింగులు కడిగి గ్రీజు పెట్టడం ఎఫ్‌ఏఏ (అక్కడి విమానయాన సంస్థ) నిబంధనల్లోని పార్ట్ 43 అపెండిక్స్ ఏ ప్రకారం పైలట్ లైసెన్సున్న యజమాని చేసి, లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టొచ్చు. కమాన్లు, పాల్, డిస్కుల పని మాత్రం ఏ అండ్ పీ మెకానిక్‌దే, అంటే విమానం బాడీ, ఇంజను పనులకి ఎఫ్‌ఏఏ లైసెన్సున్న మెకానిక్‌ది. కొత్త కమాన్లు వేశాక కొన్ని ల్యాండింగుల తర్వాత బోల్టు బిగువు, ఇరుసు కోణం మళ్ళీ ఒకసారి చూడండి.