6 వేల లోపు అద్దె ఇల్లా? ముందు మెరకా పల్లమా చూడండి

"రాజమండ్రిలో ఉద్యోగం వచ్చింది, అద్దెకి 6 వేలు మించి పెట్టలేను, ఒక ఇల్లు నచ్చింది గానీ ఆఫీసులో అందరూ ఆ ఏరియా మంచిది కాదంటున్నారు, ఏరియా మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి" అని మీరు అడిగారు. కింద జవాబులు రాసినవాళ్లు దానవాయిపేట బాగుంటుంది, ప్రకాశం నగర్ బాగుంటుంది, ఏవీ అప్పారావు రోడ్డు వైపు చూడండి అన్నారు. అవి బాగుంటాయని ఎవరికి తెలియదండీ! 6 వేలకి అక్కడ ఏం దొరుకుతుందో కూడా చెప్పాలి కదా. నేను ఈ ఊళ్లో ఆరేళ్ల పైనుంచి 6 వేల లోపు ఇళ్లలోనే ఉంటున్నాను, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని. అందుకే రాస్తున్నాను.

ఆ వీధిలో ఎలాంటి జనం ఉంటారని తర్వాత అడగండి. ముందు ఆ వీధి మెరకా పల్లమా చూడండి. డెల్టాలో ఇల్లు చూసుకునేవాళ్లకి దీని తర్వాతే ఏదైనా అని నా గట్టి అభిప్రాయం.

మాది కోనసీమ, కొత్తపేట దగ్గర పల్లెటూరు. మా ఆయన కువైట్లో ఉంటారు. పెద్దమ్మాయికి ఇంటర్ సీటు రాజమండ్రిలో వస్తే పిల్లల్ని తీసుకుని వచ్చేశాను. అందరిలాగే మే నెలలో ఇల్లు వెతికాను. జూన్‌లో కాలేజీలు తెరుస్తారు కాబట్టి ఇళ్లు వెతికేవాళ్లంతా మే నెలలోనే తిరుగుతారు, మనం మోసపోయేది అక్కడే. మే ఎండకి ఏ కాలువైనా ఎండిపోయి ఉంటుంది, ఏ వీధైనా పొడిగా శుభ్రంగా కనిపిస్తుంది. బ్రోకరు చూపించిన ఇల్లు తుమ్మలావ వైపు, రెండు గదులు, వంటిల్లు, కొత్త టైల్స్, అద్దె 5,500. గోడలకి కొత్తగా సున్నం. కింద మూడు అడుగుల మేర మాత్రం ముదురు చాక్లెట్ రంగు ఆయిల్ పెయింట్ వేశారు. పిల్లలు చేతులు పెట్టినా మరక పడదని ముచ్చటపడ్డాను. ఎదురింటి వాళ్ల ఫ్రిజ్ రెండు వరసల ఇటుకల మీద పెట్టి ఉంది. మోటారు స్విచ్ బోర్డు మనిషి భుజం ఎత్తులో ఉంది. పక్కింటి గుమ్మానికి అడ్డంగా జానెడు ఎత్తు సిమెంటు కట్ట కట్టారు. ఇవన్నీ నా కళ్లతో చూశాను, ఒక్కటీ అర్థం కాలేదు. ఏటిగట్టు పక్కన పుట్టి పెరిగినదాన్ని, నాకే అర్థం కాలేదంటే హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

"ఇక్కడ వానకి నీళ్లు నిలబడతాయా" అని బ్రోకర్ని అడిగాను. "ఆయ్, అలాంటిదేం లేదండి, పడ్డ గంటలో లాగేస్తుంది" అన్నాడు. ఒక నెల అద్దె అతనికి, రెండు నెలల అడ్వాన్సు ఇంటాయనకి ఇచ్చి దిగాం.

మా బంధువులు మాత్రం వద్దన్నారు. ఎందుకంటే అక్కడంతా ఆటోవాళ్లు, కూలీలు, మాస్ ఏరియా, ఎదిగే ఆడపిల్లతో ఎలా ఉంటావు అని. నీళ్ల గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

ఆ ఏడు వినాయక చవితి వెళ్లాక ఒక రాత్రి వాన మొదలైంది. అప్పటికే గోదావరి నిండుగా ఉంది. ఒంటిగంట దాటాక బాత్రూంలోంచి గుడగుడమని చప్పుడు వస్తే బకెట్టులోకి కుళాయి వదిలేశానేమో అనుకుని లేచాను. కాలు కింద పెడితే తడి. వీధి గుమ్మం వైపు చూశాను, అక్కడ పొడిగానే ఉంది. నీళ్లు బాత్రూం తూములోంచి పైకి వస్తున్నాయి, నల్లగా. ముందు బొద్దింకలు వచ్చాయి, వెనకాల నీళ్లు. వీధి కాలువ నిండిపోతే మన ఇంట్లోంచి బయటికి పోవాల్సిన మురుగు అదే పైపులో వెనక్కి తన్నుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. పిల్లల్ని లేపేలోపు మడమల దాకా వచ్చేసింది. అమ్మాయి పుస్తకాలన్నీ మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి. బియ్యం బస్తా వంటింట్లో గచ్చు మీదే ఉంది. దేన్ని ముందు ఎత్తాలో తెలియక నేను బస్తా పట్టుకుని లాగుతుంటే, అమ్మాయి ఏడుస్తూ పుస్తకాలు మంచం మీదకి విసురుతోంది. మా ఆయన కువైట్ నుంచి ఇమోలో కాల్ మీద కాల్ చేస్తున్నారు, ఎత్తే తీరిక లేదు.

అప్పుడు ఎదురింటి మామ్మగారు తలుపు బాదారు. డెబ్బై ఏళ్లుంటాయి ఆవిడకి. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో తడి గోనెసంచులు. "అమ్మాయ్, ముందు మెయిన్ కట్టేయ్. తర్వాత బస్తా" అని అరిచారు. కరెంటు మెయిన్ ఆపాను. ఆవిడే బాత్రూంలోకి వెళ్లి తూములో గోనె కుక్కి, దాని మీద ఇసక మూట పెట్టి, "లెట్రిన్‌లో కూడా పెట్టు, సిగ్గుపడక" అన్నారు. నీళ్లు ఆగలేదు గానీ జోరు తగ్గింది. ఈలోగా వీధి గుమ్మంలోంచి కూడా మొదలైంది. గ్యాస్ సిలిండర్ ఖాళీది, అది వంటింట్లో తేలుతూ గోడకి కొట్టుకుంటుంటే ఆ టంగు టంగు చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నాలుగు కుటుంబాల వాళ్లం పక్క డాబా మెట్ల మీద తెల్లారేదాకా కూర్చున్నాం.

తెల్లారి చూస్తే, మా బంధువులు ఎవరిని చూసి భయపడమన్నారో ఆ ఆటో కుర్రాళ్లే చొక్కాలు విప్పి నడుంలోతు నీళ్లలో దిగి, గునపాలతో కాలువ మూత లేపి ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి బొండాలు చేతులతో లాగుతున్నారు. మున్సిపాలిటీ మోటారు వచ్చేలోపు సగం వీధి వాళ్లే ఖాళీ చేశారు. మా అమ్మాయి బోటనీ రికార్డు పూర్తిగా పాడైపోయింది, రాత్రుళ్లు కూర్చుని మళ్లీ మొదటి పేజీ నుంచి బొమ్మలు వేసుకుంది. నీళ్లు మర్నాడు సాయంత్రానికి తీశాయి, వాసన మాత్రం పది రోజులు ఉంది. మంచం కోళ్లు ఉబ్బిపోయాయి. అప్పుడు ఎదురింటి ఇటుకలు, గుమ్మం ముందు కట్ట, చాక్లెట్ రంగు, అన్నీ ఒక్కొక్కటే అర్థమయ్యాయి. ఆ రంగు సరిగ్గా నీళ్ల మరక ఎత్తు దాకా వేశారు.

ఈ ఊరికి కొత్తవాళ్లు ఇంకో విషయం తెలుసుకోవాలి. అందరూ గోదావరి వరదకి భయపడతారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా కోనసీమలో పిల్లలకి కూడా ఈ అంకెలు నోటికి వచ్చు, ఏటి మధ్య లంకల్లో వాళ్లు సామాను సర్దుకోవాలా వద్దా అన్నది వీటిని బట్టే. 2022 జులైలో మూడోది దాటినప్పుడు మా పుట్టింటివాళ్లు రాత్రంతా ఏటిగట్టు మీద కాపలా ఉన్నారు. రాజమండ్రిలో బాధ వేరు. ఇక్కడ గట్టు ఏటిని ఆపుతుంది, అదే గట్టు ఊళ్లో పడ్డ వాననీళ్లని కూడా ఆపుతుంది. ఏరు పెరిగితే కాలువల తూములు మూసేయాలి, లేకపోతే ఏరే ఊళ్లోకి వచ్చేస్తుంది. ఆ టైంలో పెద్ద వాన పడిందా, నీళ్లు పోయే దారి లేదు, మోటార్లు పెట్టి తోడాల్సిందే. ఆర్యాపురం, తుమ్మలావ, కంబాలచెరువు, రైల్వే స్టేషన్ వైపు, పెద్ద వాన పడిన ప్రతిసారీ పేపర్లో ఇవే పేర్లు చూస్తారు.

పేర్లంటే గుర్తొచ్చింది. మన పెద్దవాళ్లు పేరులోనే చెప్పి పెట్టారు, మనం వినం. ఆవ అంటే ఏమిటండీ? నీళ్లు చేరి నిలిచే పల్లపు నేల. తుమ్మలావలో ఆవ ఉంది, కంబాలచెరువులో చెరువు ఉంది. కోరుకొండ వైపు బూరుగుపూడి ఆవ భూముల్లో పేదలకి ఇళ్ల స్థలాలు ఇస్తామన్నప్పుడు, అవి మునిగే భూములని 2020లో హైకోర్టు దాకా వెళ్లారు. పేరులో ఆవ ఉన్నా, చెరువు ఉన్నా, పల్లం ఉన్నా రెండుసార్లు చూడండి. పుంత రోడ్డు అంటే మరీ జాగ్రత్త, పుంత అంటేనే రెండు పక్కల పొలాల కంటే కిందికి ఉన్న బళ్ల బాట. వెంచర్ల వాళ్లు ఇప్పుడు వీటన్నిటికీ గార్డెన్స్ అనీ ఎన్‌క్లేవ్ అనీ పేర్లు పెట్టేస్తున్నారు. పేరు మారినంత మాత్రాన నేల ఎత్తు పెరగదు కదా. నాకు దీని మీద చాలా కోపం, ఎందుకంటే మోసపోయేది ఎప్పుడూ తక్కువ డబ్బు ఉన్నవాళ్లే.

రెండో ఇల్లు నేను అక్టోబర్‌లో, వానల్లోనే వెతికాను. ఈసారి బ్రోకర్ని అడగలేదు. పాలు పోసే ఆయన్ని అడిగాను, ఇస్త్రీ బండి ఆవిడని అడిగాను, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయిని అడిగాను. వానలో కూడా ఇంటింటికీ తిరిగేది వాళ్లే, వాళ్లకి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. "ఈ వీధిలోకి వానలో బండి వస్తుందా" అని గ్యాస్ అబ్బాయిని అడిగితే రెండు వీధుల పేర్లు చెప్పి "అక్కడికి నేనే రానండి, సందు మొదట్లో దించేస్తాను" అన్నాడు. ఆ రెండూ కొట్టేశాను.

చివరికి లాలాచెరువు దాటాక ఎర్రమట్టి మెరకలో ఒక ఇల్లు దొరికింది. అవును, ఆ పేరులో కూడా చెరువు ఉంది, అందుకే వాన పడుతుండగా మూడుసార్లు వెళ్లి చూశాను. టైల్స్ లేవు, వంటింటి మీద రేకులు, అద్దె 5,000. నీళ్లు మాత్రం నిలబడవు, పడ్డవి పడ్డట్టు కిందకి జారిపోతాయి. బంధువులు మళ్లీ అదే పాట, అక్కడంతా కూలీ జనం అని. ఈ మధ్యలో ఒక "మంచి ఏరియా"లో ఇల్లు చూడ్డానికి వెళ్తే ఇంటావిడ "మీరెవరండీ" అన్నారు. పేరు చెప్పాను. "అది కాదండీ, మీరెవరూ అని" అన్నారు. కులం అడుగుతున్నారని అర్థమై బయటికి వచ్చేశాను. గేటు దాటాక ఏడుపు వచ్చింది. మా మెరక వీధిలో ఇన్నేళ్లలో ఎవరూ అది అడగలేదు. నా లెక్కలో మంచి ఏరియా అంటే అదీ.

ఇబ్బందులు లేవని కాదు. కుళాయి పొద్దున గంటసేపే వస్తుంది, తాగడానికి టిన్ను కొనుక్కోవాలి. కాలేజీలు దూరం. షేర్ ఆటోకి ఒకరికి 20 రూపాయలు, పోను రాను 40, ఇద్దరు పిల్లలకి రోజుకి 80, నెలకి 26 రోజులు అంటే 2,080. ఈ లెక్క ముందే వేసుకోండి. అద్దె 5,000 అని సంబరపడితే ఆటోకే 2,000 పోతుంది, అయినా నాకు ఇదే నయం. అమ్మాయి ట్యూషన్ నుంచి రాత్రి ఎనిమిదిన్నరకి నడిచి వచ్చేది, సందు మొదట్లో టిఫిన్ బండి పదింటి దాకా వెలుగుతూ ఉండేది, ఆ బండి ఆయన "పాప వెళ్లిందమ్మా" అని చెప్పేవాడు. ఇల్లు చూడ్డానికి మధ్యాహ్నం వెళ్లి వచ్చేస్తే ఇలాంటివి తెలియవు, రాత్రి ఎనిమిదికి కూడా ఒకసారి వెళ్లాలి. మీ ఇంట్లో ఆడవాళ్లు ఉంటే వాళ్లనే ఒంటరిగా ఆ సందులో నడిచి చూడమనండి. వాళ్లకి తెలిసిపోతుంది, మీకు తెలియదు.

మీ ఆఫీసువాళ్లు "మంచిది కాదు" అన్నారు కదా, ఎందుకు కాదో అడగండి. నీళ్లు వస్తాయి, దీపాలు లేవు, ఆటోలు దొరకవు అంటే వినండి. అక్కడి జనం గురించే చెబితే మాత్రం వదిలేయండి. నన్ను ఆ రాత్రి ఆదుకున్నది అలాంటి జనమే. మామ్మగారు ఇంకా అదే ఇంట్లో ఉన్నారు, సంక్రాంతికి అరిసెలు తీసుకుని వెళ్తాను. ఈసారి వెళ్తే ఆవిడ ఫ్రిజ్ కింద ఇటుకలు మూడు వరసలయ్యాయి.

అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదని రాశారు. ఇవ్వకండి, ఒక గట్టి వాన పడేదాకా ఆగండి. పడ్డ రోజు ఆఫీసు అయ్యాక పాత చెప్పులు వేసుకుని వెళ్లి, ఆ బాత్రూం తూము దగ్గర ఐదు నిమిషాలు నిలబడి వినండి.