చూడి కుందేలును ఎక్కడ ఉంచాలి, ఎలా కుదురుకోనివ్వాలి?

ప్రశ్న: చెన్నై పెరంబూర్‌లో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. రెండు వారాల కిందట నెల్లూరులో మా అన్నయ్య వాళ్ల ఇంటి నుంచి ఒక తెల్ల ఆడ కుందేలును తెచ్చుకున్నాము. అక్కడ అది మగ కుందేలుతో కలిసి తిరిగేదట. ఇప్పుడు పొట్ట పెరిగింది. పగలంతా మంచం కిందే ఉంటోంది, దగ్గరికి వెళితే గుర్రుమంటూ వెనక కాలితో నేలను కొడుతోంది. మా మగ కుందేలు పంజరం పక్కనే ఉంది, రెండింటినీ కలపలేదు. దీన్ని బాల్కనీలో ఉంచవచ్చా? ఈనడానికి ఏ ఏర్పాట్లు చేయాలి?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, కుందేలు చూడికాలం సాధారణంగా 31 రోజులు; ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు. మీ కుందేలు మగదాని నుంచి విడిపడి 14 రోజులైంది కాబట్టి, నిజంగా చూడితో ఉంటే ఇక మిగిలింది ఎక్కువలో ఎక్కువ 19 రోజులు. మొదటి రెండు వారాల్లో పొట్ట పైకి అంతగా కనిపించదు. ఇప్పటికే పెరిగినట్లు మీకు తెలుస్తోందంటే, అది నెల్లూరులో ఉండగానే కొంత ముందు కట్టి ఉండవచ్చు, లేదా ఒళ్లు చేసి ఉండవచ్చు. వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే కనుక ఈ రెండు మూడు రోజుల్లోనే, ఎండ ఎక్కక ముందు తీసుకువెళ్లి చూపించండి. ఆ తరువాత ఈనేదాకా దాన్ని ఇల్లు కదిలించకండి. పొట్టను మీరు స్వయంగా నొక్కి చూడడం మాత్రం వద్దు.

గుర్రుమనడం, కాలితో కొట్టడం పొగరు కాదు. కొత్త ఇల్లు, కొత్త వాసనలు, పక్కనే మరో కుందేలు, ఇవన్నీ కలిసి దానికి భయం కలిగిస్తున్నాయి. అందువల్ల మొదట చేయవలసిన పని మగ కుందేలు పంజరాన్ని వేరే గదిలోకి మార్చడం. ఈనిన కొన్ని గంటల్లోనే ఆడ కుందేలు మళ్లీ చూడి కట్టగలదు కనుక, ఆ తరువాత కూడా రెండింటినీ కలవనివ్వకూడదు.

బాల్కనీ వద్దని నా గట్టి సలహా. అక్కడ కాకులు, పిల్లులు తిరగడం ఒక ఇబ్బంది అయితే, వేడి అంతకన్నా పెద్దది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే కుందేలు ఇబ్బంది పడుతుంది. 35 దాటితే చూడి కుందేలుకు ప్రాణాపాయం కూడా కలగవచ్చు. రోహిణి కార్తెలో చెన్నై ఎండ సంగతి మీకు చెప్పనవసరం లేదు. తడి గోనెపట్టా కట్టే పద్ధతి పొడి గాలి ఉన్న ఊళ్లలో పనిచేసినంతగా సముద్రపు ఉక్క ఉన్న చోట పనిచేయదు. గాలి ఆడకపోతే ఉక్క మరింత పెరుగుతుంది. ఫ్యాను తిరిగే లోపలి గదిలో, వంటింటి కుక్కరు కూతకూ టీవీకీ దూరంగా, జనం నడవని మూలను ఎంచుకోండి. మధ్యాహ్నం వేళ గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పంజరంలో ఒక పక్కన పెడితే, కావాలనుకున్నప్పుడు అదే వెళ్లి ఆనుకుంటుంది.

పంజరం కనీసం మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండాలి. అడుగున తీగల వల ఉంటే సగం మేరకైనా చెక్క పలక పరవండి, లేకపోతే పాదాలు పుండ్లు పడతాయి. మంచం కిందకు దూరుతోందంటే దానికి చీకటి చాటు కావాలని అర్థం. కాబట్టి రెండు వైపులా ద్వారాలు కోసిన అట్టపెట్టెను బోర్లించి పెట్టండి. రోజూ ఒకే వేళకు మీరు ఒక్కరే వెళ్లి, పక్కన నేలమీద కూర్చుని, అది తనంతట తాను వచ్చేదాకా చేయి చాచకుండా గరికను అందుబాటులో ఉంచండి. గుడి దగ్గర అరుగంపుల్ అని అమ్మే కట్ట అదే. బాగా కడిగి, నీరు ఓడ్చి పెట్టాలి. ఎండు గడ్డి మాత్రం ఎప్పుడూ ఎదుట ఉండాలి. తప్పక ఎత్తవలసి వస్తే చెవులు పట్టుకోకుండా, ఒక చేత్తో ఛాతీని, మరో చేత్తో పిరుదులను ఆనించి ఎత్తండి. గాలిలో తన్నుకుంటే దాని వెన్నెముక విరిగే ప్రమాదం ఉంది.

ఈత పెట్టె ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉండి, ముందువైపు గడప ఆరంగుళాలు ఉంటే పిల్లలు బయటికి జారిపోవు. రంగు వేయని చెక్క మేలు. తేదీ కచ్చితంగా తెలిస్తే 27వ రోజున పెట్టమని చెబుతాము, ఎందుకంటే ముందే పెడితే దానిలో మూత్రం పోస్తుంది. మీకు తేదీ తెలియదు కనుక ఈ వారంలోనే, అది మూత్రం పోసే మూలకు దూరంగా పెట్టి, తడిసిన గడ్డిని రోజూ మార్చండి. లోపల మెత్తని ఎండు గడ్డి దండిగా వేయండి. దూది, దారాలు, పాత చీర పీలికలు పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి కాబట్టి వాడకండి. అది నోట గడ్డి కరుచుకుని తిరగడం, పొట్ట మీద, గొంతు కింద బొచ్చు పీకి పెట్టెలో పరచడం ఈత దగ్గరపడిందనడానికి గుర్తులు. అయితే ఈ నాలుగైదు రోజుల్లోనే బొచ్చు పీకి, ఆ తరువాత ఏమీ జరగకపోతే అది ఉత్తుత్తి చూడి కావచ్చు.

చెన్నై ఇళ్లలో చీమల విషయం మరచిపోకూడదు. పంజరాన్ని స్టాండు మీద ఉంచి, దాని నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. అప్పుడే పుట్టిన బొచ్చులేని పిల్లలకు చీమలు పడితే దక్కవు.

ఈత చాలావరకు రాత్రిపూటో తెల్లవారుజామునో అరగంట లోపే ముగుస్తుంది. తొంగి చూడకండి. తాగేందుకు నీళ్లు మాత్రం క్షణం కూడా ఖాళీ కాకూడదు. దాహం, బెదురు తల్లి తన పిల్లలను కొరికి చంపడానికి ప్రధాన కారణాలు. ఉదయం అది మేతకు లేచాక, చేతులకు దాని గడ్డినే రుద్దుకుని, చనిపోయిన పిల్లలుంటే తీసివేయండి. తల్లి పిల్లల మీద పొదగదు, రోజుకు ఒకటి రెండు సార్లు, కొద్ది నిమిషాలే పాలిస్తుంది. పట్టించుకోవడం లేదని మీరు ఆవు పాలు పట్టకండి. పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే పాలు అందినట్లే. ముడతలు పడి, పొట్ట లోపలికి పోతే వెంటనే వైద్యుని సంప్రదించండి.

ఇంట్లో పిల్లలకు మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ గానీ, కుక్కలకు వాడే ఫిప్రోనిల్ చుక్కలు గానీ కుందేలుకు వేయకూడదు, ప్రాణం పోతుంది. ఈనడానికి ఒకరోజు ముందు మేత కొంత తగ్గడం సహజమే. కానీ 12 గంటలు ఏమీ ముట్టకపోయినా, పెంటికలు ఆగినా, గంటకు మించి ముక్కుతూ పిల్ల రాకపోయినా, మగదాని నుంచి విడిపడి 32 రోజులు దాటినా ఇంట్లో వేచి ఉండక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.